అయిదు డాలర్ల సైకిల్

1973లో అమెరికాను సైకిళ్ల మోజు ఊపేసింది. ఆ ఒక్క ఏడాదే దాదాపు కోటిన్నర సైకిళ్లు అమ్ముడయ్యాయి. జనం ఎగబడి కొన్నవి సన్నటి టైర్లు, వంపు హ్యాండిలు, పది గేర్లు ఉన్న రోడ్డు సైకిళ్లు. అదే ఏడాది కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో జో బ్రీజ్ అనే కుర్రాడు అయిదు డాలర్లిచ్చి 1941 నాటి పాత సైకిలొకటి కొన్నాడు. అది వయసులో అతనికన్నా పన్నెండేళ్లు పెద్దది. లావు టైర్లు, ఒకటే గేరు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు. బరువుకి బరువు. బ్రీజ్ రోడ్డు రేసుల్లో పోటీపడేవాడు కాబట్టి తేలికపాటి సైకిలు విలువ అతనికి తెలియంది కాదు. అయినా స్నేహితుడు మార్క్ వెండెట్టి మాట విని దాన్ని తీసుకున్నాడు. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న తన మరిన్ కౌంటీకి తెచ్చి, మౌంట్ టమల్పైస్ మీదికి చేర్చి, మట్టిదారిన కిందికి వదిలాడు.

వెండెట్టి లార్క్‌స్పర్ అనే చిన్న ఊళ్లోని కుర్రాళ్ల గుంపులోవాడు. ఈ గుంపు అప్పటికే కొన్నేళ్లుగా పాత లావు టైర్ల సైకిళ్లేసుకుని ఆ కొండ మీద తిరుగుతోంది. ఇలాంటి సైకిళ్ల నుంచే పుట్టిన మౌంటెన్ బైక్ చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది దాన్ని ఎవరు ముందు కనిపెట్టారన్న తగువు దగ్గరే చిక్కుకుపోతారు. కానీ ఆ సైకిలు ముందు ఏరుకున్న వస్తువు, తయారైంది ఆ తర్వాత. తుక్కు దుకాణాల్లో, పాత సామాన్ల కొట్లలో, ఇళ్ల వెనక షెడ్లలో పడి ఉన్న వందల సైకిళ్లలోంచి ఏది పనికొస్తుందో గుర్తుపట్టిన కళ్లదే ఆ ఘనత. పాత సైకిలు కొనబోయే ప్రతి ఒక్కరికీ ఈ కథలో పనికొచ్చే సంగతి ఉంది.

ముందు ఆ పాత సైకిలు పుట్టుక చూడాలి. షికాగోలో ఇగ్నాజ్ ష్విన్ 1895లో పెట్టిన కంపెనీని 1930ల నాటికి అతని కొడుకు ఫ్రాంక్ నడుపుతున్నాడు. ఆర్థిక మాంద్యం రోజులు. అమెరికాలో సైకిలంటే పిల్లల ఆటవస్తువు అన్నట్టుండేది. రిమ్ముకి జిగురుతో అంటించే సన్నటి టైర్లు మాటిమాటికీ పంక్చరయ్యేవి. యూరప్‌లో చూసి వచ్చిన లావుపాటి బెలూన్ టైరును ఫ్రాంక్ ష్విన్ 1933లో తన సైకిలుకి వేశాడు. దాని కొలత 26 అంగుళాల చక్రం, 2.125 అంగుళాల లావు. లోపల విడిగా ట్యూబు, తక్కువ గాలి. గతుకుల మీద ఎగిరెగిరి పడకుండా సాగిపోయే ఈ టైరు కొద్ది ఏళ్లలోనే అమెరికా పిల్లల సైకిళ్లన్నిటికీ పాకింది. తెల్లవారుజామున సంచినిండా పేపర్లు వేసుకుని ఇంటింటికీ తిరిగే కుర్రాళ్లు దాన్ని తొక్కేవారు. ఆ బరువుకీ, ఆ మొరటు వాడకానికీ తట్టుకోవాలని ఫ్రేము దిట్టంగా చేసేవారు. నలభై ఏళ్ల తర్వాత కొండ దిగేవాళ్లకి కలిసొచ్చింది ఆ దిట్టతనమే.

అయితే దిట్టంగా ఉన్న ప్రతి సైకిలూ కొండకి పనికిరాలేదు. మరిన్ కుర్రాళ్లు ఈ సంగతి ఎముకలు నలగ్గొట్టుకుని నేర్చుకున్నారు. దొరికిన ఫ్రేమునల్లా తెచ్చి తొక్కారు. కొన్ని విరిగాయి. కొన్ని వేగం అందుకోగానే అదుపు తప్పాయి. చివరికి వాళ్ల చూపు యుద్ధానికి ముందు ష్విన్ చేసిన ఎక్సెల్సియర్ ఫ్రేము మీద నిలిచింది. హ్యాండిలు కింది గొట్టం బాగా వెనక్కి వాలి ఉండటం, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ కావడం దాని ప్రత్యేకత. అందువల్ల నిట్టనిలువు దిగుడులోనూ ముందు చక్రం మనిషికి బాగా ముందుంటుంది, బోల్తా కొట్టించదు. పెడళ్లు నేలకి ఎత్తులో ఉండి రాళ్లకి తగిలేవి కావు. ఇవన్నీ కొండ కోసం ఆలోచించి పెట్టినవి కావు. పేపర్లు వేసే కుర్రాడి కోసం గీసిన గీతలు కొండకీ సరిపోయాయంతే. ష్విన్ తన సైకిళ్లను వేరే కంపెనీల పేర్లతో కూడా అమ్మేది కాబట్టి మీదున్న బొమ్మ చూసి కొంటే లాభం లేదు. గొట్టాల వాలు, అతుకుల పని చూసి పోల్చుకోవాలి. బ్రీజ్ అయిదు డాలర్ల సైకిలు మీదున్న పేరు బి.ఎఫ్.గుడ్‌రిచ్. చేసింది మాత్రం ష్విన్.

ఈ సైకిళ్లను వాళ్లు క్లంకర్లు అన్నారు, డొక్కు బండ్లని.

వాటి అసలు పరీక్ష ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్కన పైన్ మౌంటెన్ మీద జరిగింది. అడవికి నిప్పంటుకుంటే ఫైరింజన్లు పోవడానికి వేసిన మట్టిరోడ్డు అక్కడుంది. మూడున్నర కిలోమీటర్ల లోపే సుమారు 400 మీటర్లు కిందికి దిగిపోతుంది. 1976 అక్టోబర్ 21న మరిన్ కుర్రాళ్లలో ఒకడైన చార్లీ కెల్లీ గడియారం పట్టుకుని అక్కడ తొలి రేసు పెట్టాడు. పడకుండా దిగిన అలన్ బాండ్స్ గెలిచాడు. దారి పొడుగునా వెనక్కి తొక్కి బ్రేకు పట్టాల్సి రావడంతో వెనక హబ్బు కాలిపోయేది. లోపలి గ్రీజు కరిగి పొగలు కక్కేది. కిందికి చేరాక హబ్బు విప్పి, కడిగి, కొత్త గ్రీజు కూరి మళ్లీ బిగించాలి. ఇంగ్లీషులో ఆ పని పేరు రీప్యాక్, ఆ దారికీ అదే పేరు స్థిరపడింది. మన సైకిల్ షాపుల్లో ఏడాదికోసారి గోళీలు తీసి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పెట్టి ‘ఓవరాయిలింగు’ చేసినట్టే. తేడా ఒక్కటే, అక్కడ ఆ పని ప్రతి దిగుడుకీ ఒకసారి పడేది. ఆ దారిలో వాళ్లలోనే మరొకడు గ్యారీ ఫిషర్ నెలకొల్పిన 4 నిమిషాల 22 సెకన్ల రికార్డు అలాగే నిలిచిపోయింది. ఎక్కువసార్లు గెలిచింది మాత్రం బ్రీజ్. ఆ రోజుల ఫొటోలు మనకి మిగిలాయంటే అది వెండీ క్రాగ్ అనే మహిళ పుణ్యం. ఆమె కెమెరా మెడలో వేసుకుని వాళ్లతో పాటే ఆ కొండ తొక్కింది.

దిగడం సరే, ఎక్కడం మాటేమిటి? ఒక్క గేరుతో అంత బరువును కొండెక్కించడం నరకం. నెట్టుకుంటూ పోవాలి, లేదా ట్రక్కులో వేసుకుపోవాలి. ఈ చిక్కుకి దారి కాలిఫోర్నియాలోనే ఉన్న కూపర్టినో నుంచి వచ్చింది. ఇవాళ మన తెలుగువాళ్లు ఎందరో కాపురాలుంటున్న ఆ ఊళ్లో అప్పట్లో మారో డర్ట్ క్లబ్ అని ఒక కుర్రాళ్ల బృందం ఉండేది. మారో అనేది ఒక పాత వెనక బ్రేకు పేరు. 1974 డిసెంబర్‌లో మరిన్‌లోని మిల్ వ్యాలీలో జరిగిన సైక్లోక్రాస్ అనే మట్టిదారి సైకిల్ పోటీకి ఈ బృందంలోని కొందరు పాత లావు టైర్ల సైకిళ్లతోనే వచ్చారు. కానీ వాటికి గేర్లు ఉన్నాయి, బొటనవేలితో మార్చే మీటలున్నాయి, డ్రమ్ము బ్రేకులున్నాయి. మరిన్ కుర్రాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. ఆ రోజుల్లోనే ఫిషర్ కూడా తన పాత ఫ్రేముకి ఇద్దరు తొక్కే సైకిళ్ల డ్రమ్ము బ్రేకులు, గేర్లు, మోటారుసైకిలు బ్రేకు మీటలు బిగించాడు. నిజానికి వీళ్లందరికన్నా ముందు 1953లోనే జాన్ ఫిన్లీ స్కాట్ అనే అతను లావు టైర్లు, గేర్లు, అడ్డ హ్యాండిలు కలిపి అడవికి పనికొచ్చే సైకిలొకటి తయారు చేసుకున్నాడు. కానీ తోడు దొరకలేదు.

ఒక్క సైకిలే ఊరి పనికీ కొండకీ ఎలా సరిపోతుందో చూడాలంటే మరిన్ వదిలి కొలరాడో వెళ్లాలి. అక్కడి క్రెస్టెడ్ బ్యూట్ దాదాపు 2,700 మీటర్ల ఎత్తున ఉన్న పాత బొగ్గు గనుల ఊరు. 1952లో పెద్ద గని మూతపడ్డాక ఊరు చిక్కిపోయింది. వీధులకి తారు లేదు. మంచు కరిగితే బురద, ఆరితే గుంటలు. అలాంటి వీధుల్లో పనికి పోవడానికి, సరుకులకి పోవడానికి జనం వాడింది ఈ పాత లావు టైర్ల సైకిళ్లనే. సన్నటి టైరుతో అక్కడ వీధి చివర దాకా పోవడం కూడా కష్టమే. కొండ అవతల ఏస్పెన్ నుంచి మోటారుసైకిళ్ల మీద కొందరు పర్ల్ పాస్ దాటుకుని వచ్చి ఊరి బారు ముందు దర్జాగా బండ్లు నిలిపారు. దానికి జవాబుగా 1976 శరత్కాలంలో ఊరివాళ్లు తమ డొక్కు సైకిళ్లతోనే ఆ కనుమ దాటి ఏస్పెన్ చేరారు. కనుమ ఎత్తు 12,700 అడుగులు, ప్రయాణం రెండు రోజులు. ముందు రోజు దాకా కొట్టుకి పోయి వచ్చిన సైకిలే మర్నాడు ఆ కనుమ ఎక్కింది. 1978లో మరిన్ నుంచి అయిదుగురు వచ్చి వాళ్లతో కలిశారు, వారిలో వెండీ క్రాగ్ కూడా ఉంది. ఒకరి సంగతి ఒకరికి పెద్దగా తెలియకుండానే రెండు చోట్లా జనం ఒకే తరహా పాత సైకిలు ఎంచుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

అప్పటికే పాత ఫ్రేములకి కరువొచ్చింది. 1930లలో, 40లలో చేసినవి ఎన్నని ఉంటాయి? ఉన్నవీ కొండ మీద విరుగుతున్నాయి. 1974లో ఆల్బర్ట్ ఐసెన్‌ట్రౌట్ దగ్గర ఫ్రేములు కట్టడం నేర్చుకున్న బ్రీజ్, కెల్లీ అడగ్గా 1977 శరత్కాలంలో క్రోమియం మాలిబ్డినం ఉక్కు గొట్టాలతో సరికొత్త ఫ్రేము కట్టాడు. గీతలు మాత్రం పాత ఎక్సెల్సియర్‌వే. చక్రం కొలత కూడా 1933 నాటి 26 అంగుళాలే. అలాంటివి పది చేశాడు. మొదటిది ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. తర్వాతి కథ వేగంగా నడిచింది. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో ‘మౌంటెన్‌బైక్స్’ అని వ్యాపారం పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్‌ని మామూలు సైకిల్ షాపుల్లోకి తెచ్చింది. 1987లో సియాటిల్ పోలీసులు ట్రాఫిక్ కిక్కిరిసిన వీధుల్లో గస్తీకి మౌంటెన్ బైకులు ఎక్కారు. కొండ సైకిలు మళ్లీ ఊరి పనిలోకి వచ్చింది.

1980లు, 90లలో అమ్ముడైన ఆ ఉక్కు మౌంటెన్ బైకులు ఎక్సెల్సియర్లలాగే షెడ్లలో, పాత సామాన్ల కొట్లలో తేలాయి. ముందు ఫోర్కులో స్ప్రింగు లేనివి, వెనక క్యారియరు బిగించడానికి కన్నాలున్నవి, లావు టైరుకీ మడ్‌గార్డుకీ రెండిటికీ చోటున్నవి. ఆఫీసుకీ అడవి దారికీ ఒకే సైకిలు కావాలనుకునే మనిషికి అంతకన్నా మంచి పాత సరుకు దొరకడం కష్టం. అగ్గువ రకం స్ప్రింగు ఫోర్కు ఊగుతూ కనిపిస్తే మురిసిపోనక్కర్లేదు. దానివల్ల బరువు పెరుగుతుంది, కొన్నేళ్లకి అరిగి లొడలొడలాడుతుంది. కొత్త సైకిళ్లు 29, 27.5 అంగుళాల చక్రాలకి మారిపోయాయి కాబట్టి 26 అంగుళాల పాతవాటి మీద మోజు తగ్గింది. మన ఊళ్లలో మాత్రం 26 అంగుళాల టైరూ ట్యూబూ ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. కొనేవాడికి రెండు విధాలా లాభమే.

చూడాల్సినవి రీప్యాక్ వాళ్లు చూసినవే. ముందు ఫ్రేము. హ్యాండిలు గొట్టం దగ్గర పై గొట్టానికీ కింది గొట్టానికీ అడుగు భాగంలో రంగు ముడతలు పడినా, చిట్లినా ఆ సైకిలు ఎప్పుడో ఎదురుగా దేన్నో గుద్దుకుందని అర్థం. బేరం ఎంత బాగున్నా వదిలేయాలి. సీటు గొట్టం పైకీ కిందికీ కదలాలి. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే పట్టేస్తుంది, ఊడదీయడం బ్రహ్మప్రళయం. తర్వాత పెద్దవాళ్లు చేసే పరీక్షే: చక్రం ఎత్తి తిప్పి రిమ్ము అటూ ఇటూ ఊగుతుందేమో చూడటం, క్రాంకు పట్టుకుని పక్కకి ఊపి చూడటం. కొత్త చైనులో పన్నెండు జతల లింకులు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. అది అంగుళంలో ఎనిమిదో వంతు సాగిందంటే పళ్ల చక్రాలు కూడా మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు బేరంలో తగ్గించి అడగాలి. చైను, టైర్లు, బ్రేకు రబ్బర్లు, తీగలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. వంగిన ఫ్రేముని బాగుచేయడం మాత్రం అంత తేలిక కాదు.

జో బ్రీజ్ 2002 నాటికి తన కంపెనీని పూర్తిగా రోజువారీ ప్రయాణపు సైకిళ్ల వైపు తిప్పాడు. మడ్‌గార్డులు, క్యారియరు, చైను కవరు, డైనమో లైటు అన్నీ బిగించే అమ్మేవాడు. కొండ సైకిళ్లకి పేరుపడ్డ మనిషి పనికి పోయేవాళ్ల కోసం సైకిళ్లు చేశాడు. 2015లో ఫెయిర్‌ఫాక్స్‌లో సైకిళ్ల మ్యూజియం తెరిచినప్పుడు దాని క్యూరేటరు బాధ్యత కూడా అతనే తీసుకున్నాడు. ఆ ఊరి పక్కనే పైన్ మౌంటెన్, ఆ మట్టిదారి.