తలలో మోసుకెళ్ళిన మిల్లు

1774లో ఇంగ్లండు బట్టల మిల్లుల పనిముట్లను దేశం దాటించడాన్ని నిషేధించింది. నేర్పున్న పనివాళ్ళు విదేశాలకు పోకుండా అంతకుముందే, 1719లోనే ఒక చట్టం ఉంది. అయినా 1789లో శామ్యూల్ స్లేటర్ అనే మిల్లు పనివాడు అమెరికాకు ఓడెక్కాడు. యంత్రం నమూనాలు గానీ బొమ్మలు గానీ వెంట తీసుకెళ్ళలేదు. డెర్బీషైర్‌లో జెడిడయా స్ట్రట్ మిల్లులో అప్రెంటిసుగా ఉన్న కాలంలో, నూలు వడికే ఆర్క్‌రైట్ యంత్రం ఆనుపానులన్నీ మనసుకెక్కించుకున్నాడు. 1790 చివరికల్లా అమెరికాలోని పొటకెట్‌లో అలాంటి యంత్రాలే నూలు వడికాయి. అమెరికన్లు అతణ్ణి పరిశ్రమల పితామహుడన్నారు, సొంతగడ్డ మీద మాత్రం ద్రోహి అన్న పేరు మిగిలింది.

అప్పటి చట్టాల దిగులంతా దేశానికి కలిగే నష్టం గురించే. యజమాని నష్టం సంగతి తర్వాత వచ్చింది. యజమాని రహస్యం బయటపెట్టిన ఫ్యాక్టరీ ఉద్యోగిని ఫ్రాన్స్ 1810 శిక్షాస్మృతి నేరస్థుణ్ణి చేసింది. 1896లో జర్మనీ అదే బాట పట్టింది. ఇంగ్లండు కోర్టులు అంత దూరం వెళ్ళలేదు. 1970ల చివర్లో ఒక విద్యార్థి పరీక్షకు ముందే ప్రశ్నపత్రం సంపాదిస్తే, సమాచారం ఆస్తి కాదు కాబట్టి అది దొంగతనం కాదని తేల్చాయి!

అమెరికా 1996లో వ్యాపార రహస్యాల చోరీకి పదేళ్ళ దాకా జైలు పెట్టింది. ఆ చట్టంలోని కంతను బయటపెట్టినవాడు సెర్గీ అలెనికోవ్ అనే ప్రోగ్రామర్. 2009 జూన్‌లో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకులో ఆఖరి రోజున, షేర్ల లావాదేవీల ప్రోగ్రాం కోడ్ ఐదు లక్షల లైన్లకు పైగా జర్మనీలోని సర్వర్‌కు ఎక్కించి, ఆనవాళ్ళు చెరిపేశాడు. ఎనిమిదేళ్ళకు పైగా శిక్ష పడింది. 2012లో అప్పీలు కోర్టు వదిలేసింది: కోడ్ చేత్తో పట్టుకునే సరుకు కాదు, పైగా సంస్థ దాన్ని అమ్మకానికి పెట్టనేలేదు. దాచుకున్నందుకే రక్షణ పోయిందన్నమాట! అదే ఏడాది డిసెంబరులో కాంగ్రెస్ ఆ కంత పూడ్చింది. ఈలోగానే న్యూయార్క్ రాష్ట్రం అతని మీద వేరే కేసు పెట్టింది. 2018లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, హార్డ్‌డిస్క్ మీద కోడ్ కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అది భౌతిక ప్రతేనంటూ దోషిగా నిలబెట్టింది. తర్కం సాగదీసినట్టే ఉంది గానీ, వస్తువు చేతికి దొరకనిదే నేరచట్టానికి కాలూచేయీ ఆడదు.

మన దేశంలో వ్యాపార రహస్యాలకంటూ విడిగా చట్టం ఉండాలని 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో సిఫార్సు చేసింది. ఇప్పటిదాకా వాడుతున్నవి నమ్మకద్రోహం సెక్షన్లు, 2000 నాటి ఐటీ చట్టం. దురుద్దేశంతో, అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి డేటా కాపీ చేస్తే ఐటీ చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే హైదరాబాద్ ఐటీ ఉద్యోగి రాజీనామా చేశాక అనుమానం వస్తే, కంపెనీ వెతికేది అతని ల్యాప్‌టాప్‌లో, మెయిల్ లాగ్‌లలో.