వత్తు లేని మూడక్షరాలు

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో, సీతమ్మధార దగ్గరి నక్కవానిపాలెంలో ‘ఈనాడు’ తొలి సంచిక అచ్చయింది. స్థాపకుడు రామోజీరావుది కృష్ణా జిల్లా పెదపారుపూడి, వ్యాపారాలు హైదరాబాదులో. అయినా పత్రిక పెట్టడానికి మన ఊరికే వచ్చారు. అప్పట్లో ఇక్కడికి తెలుగు దినపత్రికలు విజయవాడలో అచ్చయి రైలెక్కి రావాల్సిందే. చేతికందేసరికి బారెడు పొద్దెక్కేది. రేవు, షిప్‌యార్డు, మూడేళ్ల కిందటే శంకుస్థాపన జరిగిన ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరికి తెల్లారేసరికి పేపరు లేదు. ఆ లోటు కనిపెట్టడం వ్యాపారి చూపు. తొలి సంపాదకుడు ఏబీకే ప్రసాద్. మరుసటి ఏడాది డిసెంబరుకల్లా హైదరాబాదు ఎడిషన్ కూడా మొదలైంది. ఈ కథ స్వర్ణోత్సవ వేళ చాలామంది చెప్పారు, ఇంకా చెబుతారు. నా దృష్టంతా పత్రిక నుదుట ఉన్న మూడక్షరాల మీదే.

అప్పటికి తెలుగువాళ్లకు తెలిసిన పత్రికల పేర్లు ఒక్కసారి కాగితం మీద రాసి చూడండి. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, విశాలాంధ్ర, ఆంధ్రజ్యోతి. ప్రతి పేరులోనూ ఏదో ఒకటి గీత కిందికి దిగుతుంది. ‘ఆంధ్రప్రభ’లో రెండు క్రావడులు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చుంటాయి. ‘కృష్ణాపత్రిక’లో వట్రసుడి, ణకార వత్తు, క్రావడి మూడూ ఉన్నాయి. పుస్తకంలో ఇవి ఇబ్బంది పెట్టవు. మాస్ట్‌హెడ్‌లో, అంటే పత్రిక నుదుటి పేరులో పెడతాయి. పేరు కింద తేదీ, సంపుటి, వెల ఉండే పట్టీ ఒకటుంటుంది కదా, దిగిన వత్తు ఆ పట్టీ నెత్తిన తగులుతుంది. అప్పుడు పట్టీని కిందికి తోయాలి, లేదా అక్షరాలను చిన్నవి చేయాలి. మొదటిది చేస్తే వార్తల చోటు పోతుంది, రెండోది చేస్తే పేరు దూరానికి ఆనదు.

‘ఈనాడు’కు ఆ బాధ లేదు. మూడక్షరాలూ ఒకే గీత మీద నిలబడతాయి, కింద వేలాడేదేమీ ఉండదు. పైన చూసినా అంతే. ‘ఈ’కి తలకట్టు లేదు, ‘నా’కు దాని బదులు దీర్ఘం ఉంది, తలకట్టు మిగిలింది చివరి ‘డు’కు ఒక్కదానికే. దాని పక్కన కొమ్ము లేచి పేరును ముగిస్తుంది. గీసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఉన్న ఎత్తంతా అక్షరం ఒంటికే ఇవ్వొచ్చు. ఆ తర్వాత అదే సంస్థ నుంచి వచ్చిన ‘సితార’, ‘చతుర’, ‘విపుల’ పేర్లు చూడండి. అన్నీ మూడక్షరాలే, ఒక్కదానికీ వత్తు లేదు. అంతకుముందు 1969లో వచ్చిన ‘అన్నదాత’కు మాత్రం ఒక నకార వత్తు ఉంది. మాస్ట్‌హెడ్ అందం సగం పేరు పెట్టిన రోజునే తేలిపోతుందని నా నమ్మకం.

మిగతా సగం చిత్రకారుడిది. సీసపు అక్షరాలు పోగేసి పేజీ కట్టే రోజుల్లో కూడా పత్రిక పేరును కేసులోంచి ఏరి పెట్టేవారు కాదు. అట్ట మీద నల్లసిరాతో పెద్దగా గీసి, దాన్ని కావలసిన కొలతకు ఫొటో తీసి, జింకు రేకు మీదికి దించి, ఆమ్లంలో తినిపించేవారు. తెల్లగా ఉండాల్సిన చోటు కరిగిపోయి అక్షరం ఎత్తుగా మిగిలేది. ఆ రేకును చెక్కకు కొడితే అదే బ్లాకు. రోజూ వేలసార్లు ఒత్తిడి పడే బ్లాకు అది, సన్నటి వెంట్రుకగీతలు ఎన్నాళ్లో ఆగవు. వంకీల్లో రెండు గీతల మధ్య మరీ ఇరుకైతే సిరా పూడిపోయి ‘డ’కారం పొట్ట నల్లటి చుక్కవుతుంది. దినపత్రికల అక్షరాలు బొద్దుగా, ఒంటి నగలు లేకుండా ఉండటానికి ఈ యంత్రం కూడా ఒక కారణం.

సోకులన్నీ వార, మాస పత్రికలవి. చిత్రకారుడు బాపు చేతిలో క్రావడి కింద ఆగిపోయేది కాదు, పక్క అక్షరాన్ని చుట్టి వచ్చేది. ఆ రాత తర్వాత ఫాంటయి ఇవాళ శుభలేఖలన్నింటా కనిపిస్తోంది. మన పక్క కశింకోటలో నివసించిన వడ్డాది పాపయ్య ‘చందమామ’, ‘యువ’లకు వేసిన ముఖచిత్రాల మీద వ.పా. అన్న రెండక్షరాల సంతకాన్ని వెతికి చూసుకునే పాఠకులు ఉండేవారు. అయితే బడ్డీకొట్టులో దారానికి క్లిప్పులు పెట్టి, ఒకదాని మీద ఒకటి వేలాడదీసిన పత్రికల్లో కనిపించేది పైనున్న నాలుగు వేళ్ల మేరే. ఆ పట్టీలో పేరు చదవలేకపోతే ఎంత గొప్ప అలంకారమైనా దండగే. ‘యువ’ దూరానికి తెలిసేది. క్రావడి మీద ఆశలన్నీ పెట్టుకున్న పేరు ముందు పత్రిక చాటున పడిపోతుంది.

ఇప్పుడు పని కంప్యూటర్ మీద. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన ఉచిత యూనికోడ్ ఫాంట్లలో మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లతో గురజాడ, గిడుగు కూడా ఉన్నాయి. మన ఊరి కాలేజీ కుర్రాళ్లు ఏటా తమ సంచిక పేరును ఫాంటులో టైపు చేసి, అంతటితో అయిందనుకుంటారు. ఫాంటు ‘స్త్రీ’, ‘రాష్ట్ర’ లాంటి రెండు వత్తుల మాటలకు కూడా చోటు ఉంచాలి గనక, వాళ్ల పేరులో ఒక్క వత్తూ లేకపోయినా కింద బోలెడు ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీని చేత్తో కోసి, అక్షరాలు దగ్గరికి జరిపి, తలకట్లను ఒకే ఎత్తుకు తేవాలి. పది నిమిషాల పని.