బెట్ష్‌డోర్ఫ్ కూజా

బెట్ష్‌డోర్ఫ్ కూజా ఫ్రాన్సు దేశపు ఈశాన్య భాగమున గల అల్సాస్ ప్రాంతములో చేతితో తయారుచేయబడే స్టోన్‌వేర్ పాత్ర. బూడిదరంగు ఉపరితలము, కోబాల్టు నీలి నగిషీ, ఉప్పు వలన కలిగిన మెరుపు దీని ముఖ్య లక్షణాలు. బెట్ష్‌డోర్ఫ్ గ్రామము స్ట్రాస్‌బర్గ్ నగరానికి ఉత్తరాన, హాగెనావు అడవి సమీపములో ఉన్నది.

చరిత్ర

ఉప్పు మెరుపు విద్య మధ్యయుగాల చివర జర్మనీలోని రైన్ నదీ ప్రాంతములో వృద్ధి చెందినది. 18వ శతాబ్దములో అక్కడినుండి వలస వచ్చిన కుమ్మరులు దీనిని బెట్ష్‌డోర్ఫ్‌లో స్థాపించారు. పనితనము కుటుంబాలలో వంశపారంపర్యముగా సాగినది.

తయారీ విధానము

మెత్తగా పిసికిన బంకమట్టిని సారెపై పెట్టి కూజా ఆకారము తీస్తారు. మూతిని వేలితో నొక్కి ధార పడుటకు అనువుగా మలుస్తారు. తరువాత పిడిని అతికిస్తారు. పచ్చి పాత్రపై పువ్వులు, ఆకులు, పక్షుల రేఖలను గీసి, వాటిలో కోబాల్టు రంగు నింపుతారు. పూర్తిగా ఆరిన పాత్రలను ఆవములో సుమారు 1250 డిగ్రీల సెల్సియస్ వరకు కాలుస్తారు. ఆ వేడిలో మట్టి కొంతమేర గాజువలె మారి గట్టిపడుతుంది.

వేడి తారస్థాయికి చేరినపుడు ఆవములోకి ఉప్పు వేస్తారు. ఉప్పు ఆవిరిలోని సోడియం మట్టిలోని సిలికా, అల్యూమినాలతో కలిసి పలుచని గాజు పొరగా ఏర్పడుతుంది. నారింజ తొక్కను పోలిన చిన్న గుంటలు ఈ పొరపై కనిపిస్తాయి. ఈ చర్యలో హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడుతుంది. ఇది ఊపిరితిత్తులకు హానికరము కనుక గాలి ధారాళముగా ఆడు ఏర్పాటు అవసరము.

ఉపయోగాలు

సాధారణ మట్టికుండ నీటిని చెమర్చి చల్లబరుస్తుంది. స్టోన్‌వేర్ కూజా చెమర్చదు, పులుపునకు, ఉప్పునకు చెక్కుచెదరదు. అందువలన నీరు, ద్రాక్షసారా, బీరు వడ్డించుటకు కూజాలను, ఉప్పులో పులియబెట్టిన క్యాబేజీ నిలువకు ఇదే రకపు జాడీలను వాడేవారు. తెలుగువారు ఆవకాయను పింగాణీ జాడీలలో నిలువ చేయుటకు కారణము కూడా ఇదే. అయితే ఆకస్మిక వేడికి స్టోన్‌వేర్ పగులుతుంది కాబట్టి పొయ్యిపై పెట్టరాదు. వంటపాత్రలకు సమీపములోని సూఫ్లెన్‌హైమ్ గ్రామము ప్రసిద్ధి. అక్కడివి తక్కువ వేడిలో కాల్చిన మట్టిపాత్రలు.

ప్రస్తుత స్థితి

గాజు, లోహము, ప్లాస్టిక్ పాత్రలు, శీతలయంత్రాలు వచ్చిన తరువాత నిలువ జాడీల అవసరము తగ్గి, 20వ శతాబ్దములో అనేక కార్యశాలలు మూతపడ్డాయి. మిగిలిన కొద్ది కార్యశాలలు ముఖ్యముగా పర్యాటకులు, కళాభిమానులపై ఆధారపడుతున్నాయి. ఆవములో ఉప్పు వేయవలసిన క్షణమును గుర్తించుట అనుభవముతో అబ్బే విద్య. నేర్చుకొనే వారసులు లేనిచో అది నిలువదు. గ్రామములోని కుండల మ్యూజియములో పాత కూజాలను చూడవచ్చును.