సెనేట్ గదిలో వెనక వరుస

1970 జనవరి. వాషింగ్టన్. సెనేట్ విచారణ గదిలో వెనక వరుసలో కూర్చుని ఉన్నారు మీరు. ముందు బల్ల దగ్గర అడిగేదీ మగవాళ్లే, జవాబు చెప్పేదీ మగవాళ్లే. విచారణ నడుపుతున్నది విస్కాన్సిన్ సెనేటర్ గేలార్డ్ నెల్సన్. మాట్లాడుకుంటున్నది మాత్రం పొద్దున మీరు మింగిన గర్భనిరోధక మాత్ర గురించి. ఎనోవిడ్-ఈ. అందులో 100 మైక్రోగ్రాముల మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్.

రక్తం గడ్డకడుతుందంటున్నారు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోవచ్చంటున్నారు. రెండు రోజులుగా మీ ఎడమ పిక్క సలుపుతోంది. చెయ్యి దానంతటదే అక్కడికి పోతోంది.

ఆ మాత్ర ఇప్పుడెక్కడుంది? పేగుల్లోంచి నేరుగా కాలేయానికి చేరింది. మెస్ట్రనాల్ అక్కడ ఎథినైల్ ఎస్ట్రడయోల్‌గా మారుతుంది. అసలు పని చేసేది అదే. మీ ఒంట్లో పుట్టే ఎస్ట్రడయోల్‌నే నోటితో మింగితే కాలేయం చాలా మటుకు విరిచేస్తుంది. ఎథినైల్ ఎస్ట్రడయోల్‌ని అంత తేలిగ్గా విరవలేదు, తగిలించిన ఎథినైల్ ముక్క అడ్డుపడుతుంది. విరగకుండా నిలిచి కాలేయాన్నే పురమాయిస్తుంది. గడ్డకట్టించే ప్రోటీన్లు పెరుగుతాయి. హార్మోన్లను పట్టి ఉంచే ప్రోటీన్లూ పెరుగుతాయి. అందుకే రక్తపరీక్షలో మొత్తం కార్టిసాల్ ఎక్కువగా కనిపిస్తుంది, విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. మాత్ర వల్ల పిట్యూటరీ గ్రంథి నుంచి అండాశయాలకు వెళ్లే కబురు ఆగిపోతుంది. అండం విడుదల కాదు. మీ సొంత ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అడుగంటుతాయి.

మందు రాసిచ్చిన డాక్టరు ఇందులో ఒక్క ముక్కా మీకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఆలిస్ వుల్ఫ్‌సన్ అనే ఆవిడ లేస్తుంది. మాత్ర వాడిన ఆడవాళ్లను సాక్ష్యానికెందుకు పిలవలేదని గట్టిగా అడుగుతుంది. ఇంకొకరు లేస్తారు. కెమెరాలు వెనక్కి తిరుగుతాయి.

లేస్తారా? బయటికి పంపేస్తారేమో.

పిక్క సలుపుతోంది. గుండె దడదడ. అందరూ మీ వైపే.

లేస్తారు. అడుగుతారు.

ఆ ఏడాదే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ప్రతి మాత్రల ప్యాకెట్‌తో హెచ్చరిక కాగితం ఇవ్వాలని ఆదేశించింది. 50 మైక్రోగ్రాములు మించిన ఈస్ట్రోజెన్ మాత్రలు 1988లో అక్కడి మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. ఇప్పటి మాత్రల్లో మోతాదు చాలా తక్కువ, గడ్డకట్టే ముప్పూ తగ్గింది, పూర్తిగా పోలేదు. మీ ప్యాకెట్లోని కాగితం చదవండి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. అది కాలేయం చేత మాత్రను తొందరగా విరిపించేస్తుంది, గర్భం నిలవచ్చు. ఒక కాలి పిక్క వాచినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.