పేరు లేని నాంచారమ్మ

కృష్ణా, గుంటూరు పల్లెల్లో నాంచారమ్మా అని కేకేస్తే ఇప్పటికీ ఏదో ఒక అరుగు మీంచి ఓ ముసలమ్మ పలుకుతుంది. మగపిల్లాడైతే నాంచారయ్య. ఈ కాలపు పిల్లకు ఆ పేరు పెట్టాలంటే మాత్రం బళ్లో నవ్వుతారని జంకు.

తమిళంలో నాచ్చియార్ అంటే దొరసాని. శ్రీవైష్ణవులు ఆండాళ్‌ను అలాగే పిలుచుకున్నారు. ఆ మాట తెలుగు నోట పడి కాస్త ముక్కుతో పలికి నాంచారి అయింది. మనం ఊరుకుంటామా, చివర అమ్మను తగిలించాం. వెంకన్నకు ముస్లిం భార్యగా కథల్లో చెప్పుకునే బీబీ నాంచారమ్మ ఉంది కదా, ఆమె పేరులో పారసీ నుంచి వచ్చిన ‘బీబీ’కీ అర్థం దొరసానే. అంటే బీబీ నాంచారమ్మ అన్నప్పుడు మూడు భాషల్లో అమ్మగారూ అని పిలుస్తున్నామే కానీ, ఆమె పేరెత్తడం లేదు. కొన్ని కథల్లో ఆమె సురతాని. అదీ పేరు కాదు, సుల్తాను మాటే. విజయనగర రాజుల ‘హిందూరాయ సురత్రాణ’ బిరుదులోనూ ఉన్నది అదే.

కథ తెలిసిందే. ఢిల్లీ సేనలు ఎత్తుకుపోయిన ఉత్సవమూర్తిని సుల్తాను కూతురు బొమ్మనుకుని ఆడుకుంది, మనసిచ్చింది. స్వామిని వెనక్కి తెచ్చేస్తే వెంటపడి వచ్చి ఆయనలో కలిసిపోయింది. మేల్కోటలో ఆ మూర్తిని తెచ్చింది రామానుజులంటారు. ఆయన పోయాక చాలా ఏళ్లకు, 1206లో గానీ ఢిల్లీలో సుల్తానులు రాలేదు. కథకు పంచాంగంతో పనేముంది! శ్రీరంగంలోనూ ఇదే కథ చెబుతారు, అయితే అక్కడి సంగతి వేరు. 1323లో ఓరుగల్లును పడగొట్టిన ఉలుగ్‌ఖాన్ సేనలే అక్కడికీ వెళ్లాయి. రంగనాథుడి ఉత్సవమూర్తి తిరుమలలో తలదాచుకుని 1371లో ఇల్లు చేరింది. అంత దెబ్బ తిన్న ఊరే శత్రువు కూతుర్ని తన దేవుడికిచ్చి పెళ్లి చేసింది. చరిత్ర పుస్తకాల్లో ఇలాంటి పగతీర్చుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

శ్రీరంగంలో ఆమె తుళుక్క నాచ్చియార్. గుళ్లో ఆమెకు విగ్రహం లేదు, గోడమీద చిత్తరువు ఉంది. నైవేద్యం రొట్టె, వెన్న. కొన్ని ఉత్సవాల్లో స్వామికి లుంగీ కడతారు. పెళ్లాం పుట్టింటి అలవాట్లు మగడికి అంటకుండా ఉంటాయా!

తిరుమలకు తొలి గడప అనే దేవుని కడపలో ఉగాదినాడు ముస్లింలు లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడికి వస్తారు. బీబీ నాంచారమ్మ వాళ్లింటి ఆడబిడ్డ, వెంకన్న అల్లుడు. పండగపూట అల్లుడిని చూసిపోవాలి కదా. బురఖాల్లో ఆడవాళ్లు, టోపీల్లో మగవాళ్లు వరసలో నిలబడి కొబ్బరికాయ కొట్టి, తీర్థం పుచ్చుకుని పోతారు.