పెట్టెలోని కాగితము – మద్నూర్ ప్రాంతపు దస్తావేజుల కథ

తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు దగ్గరపడు చోట మన మద్నూర్ ఉన్నది. సలాబత్‌పూర్ దాటినచో దెగ్లూరు దారి. ఇక్కడి బజారులో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ నాలుగును వినబడును. పత్తి వ్యాపారము, అప్పు, కౌలు, అన్నియు ఈ నాలుగు భాషలలోనే సాగినవి. ఈ శతవార్షిక సంచికలో సంఘ చరిత్రను వ్రాయువారు పలువురున్నారు గనుక, మేము మన ఇండ్లలోను దుకాణములలోను ఉన్న కాగితముల చరిత్రను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

పూర్వపు వ్యాపారులు లెక్కలను ఒక్క పుస్తకముతో సరిపెట్టెడివారు కారు. దినసరి చిట్టాలో ఆనాటి జమాఖర్చులు తేదీ వారీగా వ్రాసి, తరువాత వాటిని ఖాతా పుస్తకములో మనిషి వారీగా ఎక్కించెడివారు. ఒకటి చెడినను రెండవదాని వలన లెక్క చాలవరకు తిరిగి కట్టవచ్చును. అయితే చట్టము ఇంకను ఒక మెట్టు పైకి పోయినది. 1872 నాటి సాక్ష్య చట్టము 34వ సెక్షను ప్రకారము, క్రమముగా వ్రాసిన లెక్కల పుస్తకము కోర్టులో పనికివచ్చును గాని, అదొక్కటే ఒకనిపై బాకీ మోపుటకు చాలదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను ఈ నియమమే నిలిచినది. కనుక పుస్తకముతో పాటు రసీదు, పత్రము, సంతకము కూడ భద్రముగా ఉండవలెను.

మన ప్రాంతములో ఆ భద్రతకు వచ్చిన చిక్కు వేరు. నిజాం కాలమున ఈ ప్రాంతము నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉండెను. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు ఆ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లోనికి వచ్చి నిజామాబాదు జిల్లాలో చేరినవి. 1985లో తాలూకాలకు బదులు మండలములు వచ్చినవి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినది. మనిషి కదలలేదు, పొలము కదలలేదు. కచేరీ మాత్రము మారుచు వచ్చినది. తాతగారి కాగితము ఏ కచేరీలో వెదకవలెనో మనుమనికి తెలియని స్థితి ఏర్పడినది.

భాషయు మారినది. హైదరాబాదు రాజ్యములో 1880 దశకమున పారసీకి బదులు ఉర్దూ కచేరీ భాషయైనది. మరాఠీ వ్యాపారులు మోడి లిపిలో వ్రాసుకొనిరి. తేదీలు ఫసలీ సంవత్సరములలో ఉండెను. దానికి సుమారు 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును.

మా ఇంట జరిగిన సంగతి ఒకటి చెప్పెదము. పొలము తాకట్టు విషయమై మాకును మా దాయాదులకును ఏండ్ల తరబడి మాటలు లేకుండ పోయినవి. ఒకనాడు పాత రేకుపెట్టె తెరచి చూచితిమి. అడుగున ఉన్న కట్టను చెదలు తిన్నవి. మిగిలిన ఒక కాగితము మోడి లిపిలో ఉండెను. దెగ్లూరులోని ఒక వృద్ధుడు దానిని చదివి, "బాకీ తీరినది" అని చెప్పెను. సంవత్సరము వ్రాసిన మూలను మాత్రము చెదలు మిగల్చలేదు. ఆ కాగితము అన్ని ఏండ్లును మా మంచము క్రిందనే ఉండెను. దాచితిమి గాని చదివించుకొనలేదు. తప్పు చెదలది కాదు, మాదే.

ఊరి దఫ్తరు గతియు ఇంచుమించు ఇట్టిదే. పట్వారీ కాలమున పహాణీలు బస్తాలో కట్టబడి ఆయన ఇంటిలోనే ఉండెడివి. 1984లో పటేల్, పట్వారీ పదవులు రద్దయినపుడు ఆ బస్తాలు ఇండ్లనుండి కచేరీకి పోవలసివచ్చెను. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయినపుడు మరల రికార్డులన్నియు తహసీల్దారులకు అప్పగింపబడినవి. ఆ యేడు అక్టోబరు 29న ధరణియు, 2025 ఏప్రిల్‌లో భూభారతియు వచ్చినవి. యంత్రము మారినను, పేరు తప్పుపడినపుడు రైతు చేతిలోని పాత కాగితమే దిక్కు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కొరకు నేటికిని జనులు తిరుగుట అందువలననే.

నిలిచిన కాగితములను చూచినచో ఒక సంగతి తెలియును. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము క్రింద దస్తావేజు నకలు రిజిస్ట్రారు కచేరీలోను ఉండును. ఇంటిలోని అసలు కాలిపోయినను ధ్రువీకృత నకలు పొందవచ్చును. మన సంఘములో జరుగు వివాహముల వివరములును రిజిస్టరులోనే ఆగవు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము ప్రభుత్వ రిజిస్ట్రారునకు పోవును. మొఘలుల కాలపు కాగితములు నేటికిని హైదరాబాదు తార్నాకలోని రాజ్య అభిలేఖాగారమున ఉన్నవనగా, వాటికి పట్టికయు, కావలియు, జవాబుదారియు ఉన్నందుననే.

కనుక సంఘ సభ్యులకు మా మనవి ఇది. పెట్టెలో ఏమున్నదో ఒక పట్టిక వ్రాసి ఉంచుడి. పెట్టెను గోడకు, నేలకు తాకకుండ ఎత్తుగా పెట్టుడి. పాత కాగితమునకు ప్లాస్టిక్ పొర అతికింపవద్దు. అతికిన పిమ్మట ఊడదీయుట కష్టము. నకలు తీసి వేరొక ఊరిలోని బంధువు ఇంట ఉంచుడి. ఫోనులో తీసిన చిత్రము ఒక్క ఫోనులోనే ఉండరాదు, పలువురి చేతులలోనికి పోనురాదు. అసలును ఎవరికైనను ఇచ్చినచో చీటీ వ్రాయించుకొనుడి. అన్నిటికంటె ముఖ్యముగా, చదువగల పెద్దలు ఉండగానే పాత లిపి కాగితములను చదివించి, తెలుగులో వ్రాయించి, దానితోనే జతపరచుడి.

మోడి చదువగల ముసలివారు ఏటేట తగ్గిపోవుచున్నారు. పెట్టెకు తాళము వేయుట ఎప్పుడైనను చేయవచ్చును. చదివించుటకు మాత్రము ఇదే సమయము.