చార్మినార్ పైనుంచి నాలుగు దారులు

చార్మినార్‌ను దర్శించే వారిలో పెక్కుమంది కింద నిలిచి, తలెత్తి చూసి మరలిపోతారు. కాని ఆ కట్టడం అక్కడే ఎందుకు వెలిసిందో గ్రహించాలంటే ఇరుకైన చుట్టుమెట్లెక్కి మొదటి అంతస్తు నుంచి నగరాన్ని చూడాలి. అంతకు మించి సందర్శకులను అనుమతించరు గనుక పై అంతస్తులోని మసీదును మాత్రం ఊహించుకోవలసిందే.

మహమ్మారి శమించినందుకు కృతజ్ఞతగా మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో దీనిని కట్టించాడని జనశ్రుతి. భాగమతి ప్రణయగాథ సరేసరి. దాని చారిత్రకతపై పండితుల వివాదం నేటికీ తెగలేదు. హిజరీ శకం వెయ్యవ ఏట అడుగుపెట్టిన సందర్భానికి ఇది స్మారకమన్న వాదమూ ఉంది. వీటిలో దేనిని అంగీకరించినా స్థల నిర్ణయానికి కారణం దొరకదు. ఆ కారణాన్ని పైనుంచి కనిపించే వీథులే చెబుతాయి.

గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సాగే వర్తకమార్గం ఇక్కడి కూడలి గుండా పోయేది. వజ్రాలు, అద్దకపు వస్త్రాలు సముద్రాన్ని చేరింది ఆ రేవు నుంచే. కోటలో జనం కిక్కిరిసి, నీటికి కటకట ఏర్పడిన రోజులవి. ఇబ్రహీం కులీ 1578లోనే మూసీపై వంతెన, నేటి పురానాపూల్, నిర్మించాడు. అంటే నగరానికి పదమూడేళ్ల ముందే దారి సిద్ధమైంది. పీష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ పథకరచనలో రూపొందిన కొత్త నగరానికి నడిబొడ్డుగా నిలిచినది రాజప్రాసాదం కాదు, నాలుగు వైపులా తెరచిన ఈ ద్వారమే. ఆ కాలపు రాజధానులలో ఇది అరుదైన ఎంపిక అని నా అభిప్రాయం.

నైరుతిన మక్కా మసీదు విశాల ప్రాంగణం కనిపిస్తుంది. కుతుబ్ షాహీలు ప్రారంభించిన ఆ నిర్మాణం వారిని జయించిన ఔరంగజేబు కాలంలో, 1694లో ముగిసింది. ఉత్తరాన గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు కమానులు. వాటిలో పశ్చిమపు కమాను ఒకప్పుడు రాజమందిరాలకు ప్రవేశమార్గం. 1687లో గోల్కొండ పతనమైన తరువాత ఆ మందిరాలు శిథిలమై కాలగర్భంలో కలిశాయి. నేడు ఆ కమాను కింద నగల దుకాణాలకు వచ్చిపోయేవారి రద్దీ. చార్మినార్ పడమటి తోరణం ఎదుటి లాడ్ బజారులో లక్కగాజుల బేరాలు సాగుతూనే ఉన్నాయి.